ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్: చికిత్స, ఆహారం – చరిత్ర

ఊపిరితిత్తిలో పుట్టిన క్యాన్సర్ రెండో ఊపిరితిత్తికో, మెదడుకో, ఎముకలకో, కాలేయానికో పాకినప్పుడు, లేదా ఊపిరితిత్తి పొరల మధ్య క్యాన్సర్ కణాలున్న నీరు చేరినప్పుడు దాన్ని నాలుగో దశ అంటారు. జబ్బు ముదిరిందని వాడుకలో చెప్పేది దీన్నే. ఈ దశలో సాధారణంగా ఆపరేషన్‌తో నయం చేయడం కుదరదు. జబ్బును అదుపులో ఉంచడం, ఆయాసం, నొప్పి తగ్గించడం, మనిషి బలం జారిపోకుండా చూడటం చికిత్స లక్ష్యాలు. మొదటి లక్ష్యం కోసం జరిగిన కృషి వైద్య గ్రంథాల్లో విస్తారంగా దొరుకుతుంది. రోగి ఏం తిన్నాడు, ఎంత తిన్నాడు, ఎంత బరువు తగ్గాడు అన్నది మాత్రం చాలాకాలం ఇంటివాళ్ల బాధగానే మిగిలిపోయింది. మందు పనిచేయడానికి, ఒంట్లో సత్తువ ఉండటానికి ఉన్న సంబంధం తేలడానికి దశాబ్దాలు పట్టింది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇది అరుదైన జబ్బు. 1912లో న్యూయార్క్ వైద్యుడు ఐజాక్ ఆడ్లర్ అప్పటిదాకా నమోదైన 374 కేసులను గాలించి ఒక గ్రంథం రాశాడు. ఇంత అరుదైన వ్యాధి మీద పుస్తకం అవసరమా అన్న ప్రశ్న ఆయన ఆ పుస్తకం ఆరంభంలోనే వేసుకున్నాడు. 1933 ఏప్రిల్ 5న సెయింట్ లూయిస్‌లో శస్త్రవైద్యుడు ఎవార్ట్స్ గ్రేహమ్, 48 ఏళ్ల వైద్యుడు జేమ్స్ గిల్మోర్‌కు ఎడమ ఊపిరితిత్తిని పూర్తిగా తీసేశాడు. గిల్మోర్ ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాలు బతికాడు. సిగరెట్లు కాల్చే అలవాటున్న గ్రేహమ్ 1957లో అదే జబ్బుతో పోయాడు. పొగాకుకు ఈ క్యాన్సర్‌తో ఉన్న సంబంధాన్ని 1950లో అమెరికాలో విండర్, గ్రేహమ్, బ్రిటన్‌లో డాల్, హిల్ విడివిడిగా చూపించారు. ఆపరేషన్ తొలిదశలో బయటపడ్డవాళ్లకే ఉపయోగపడింది. జబ్బు పాకినవాళ్లకు ఇవ్వడానికి వైద్యుల దగ్గర దాదాపు ఏమీ లేదు.

ఆ లోటు తీర్చేందుకు మొదట ప్రయత్నించినవాళ్లలో అమెరికా వైద్యుడు డేవిడ్ కార్నాఫ్‌స్కీ ఒకడు. యుద్ధకాలపు విషవాయు పరిశోధనల నుంచి పుట్టిన నైట్రోజన్ మస్టర్డ్‌ను ఆయన, ఆయన సహచరులు ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు ఇచ్చి, ఆ ఫలితాలను 1948లో ప్రచురించారు. ఆ మందు నిలబడలేదు, ఆయన వాడిన కొలమానం నిలబడింది. రోగి తన పని తాను చేసుకోగలడా, ఎంతసేపు మంచం మీద ఉంటున్నాడు, ఎంత సాయం కావాలి అన్నవాటిని బట్టి 100 నుంచి 0 దాకా అంకె వేయడం అప్పుడు మొదలైంది. కీమో ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి ఆంకాలజిస్టులు నేటికీ ఇలాంటి లెక్కే చూస్తారు. గడ్డతోపాటు మనిషినీ కొలవాలన్న ఆలోచన ఈ రంగానికి దక్కిన గొప్ప వరాల్లో ఒకటి.

1965లో మిచిగాన్‌లో బార్నెట్ రోజెన్‌బర్గ్ బృందం బ్యాక్టీరియా మీద విద్యుత్ ప్రభావాన్ని పరీక్షిస్తుండగా కణవిభజనను ఆపే ప్లాటినం సమ్మేళనాల శక్తి అనుకోకుండా బయటపడింది. అలా వచ్చిన సిస్‌ప్లాటిన్ 1978లో అమెరికాలో వృషణ, అండాశయ క్యాన్సర్లకు అనుమతి పొంది, తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ప్రధాన మందయింది. 1995లో 52 పరీక్షల సమాచారాన్ని కలిపి చూస్తే, ముదిరిన దశలో సిస్‌ప్లాటిన్ ఉన్న కీమో వల్ల ఏడాది బతికేవాళ్ల శాతం 10 పాయింట్లు పెరిగినట్టు తేలింది. కాని 2002లో నాలుగు రకాల ప్లాటినం కీమోలను పోల్చి చూస్తే దేనికీ ప్రత్యేకమైన పైచేయి లేదు. సగటు రోగి బతికింది దాదాపు ఎనిమిది నెలలే.

సిస్‌ప్లాటిన్ తెచ్చిన కష్టం కంచం ముందు కనబడేది. విపరీతమైన వాంతులు, నోట్లో ఇనుము చప్పరించినట్టు రుచి, పోపు వాసనకే కడుపులో తిప్పడం. 1991లో అమెరికాలో అనుమతి పొందిన ఆన్‌డాన్‌సెట్రాన్ వాంతులను చాలావరకు తగ్గించింది. రుచి మాత్రం అంత తేలిగ్గా తిరిగి రాదు.

తిండి మీద మారిన ఆలోచన

1920లలో జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్, క్యాన్సర్ కణాలు మామూలు కణాల కంటే చాలా ఎక్కువ గ్లూకోజ్ వాడుకుంటాయని గమనించాడు. తీపి మానేస్తే క్యాన్సర్ మాడిపోతుందన్న నమ్మకానికి మూలం ఈ పరిశోధనను పొడిగించి చెప్పుకోవడమే. కాని శరీరం మాంసకృత్తుల నుంచి కూడా గ్లూకోజ్ తయారు చేసుకుంటుంది. తిండి మానితే కండ కూడా కరుగుతుంది. మాక్స్ గెర్సన్ అనే వైద్యుడు పళ్లరసాలు, కాఫీ ఎనీమాలతో కూడిన చికిత్సను ప్రచారం చేశాడు. ఆయన ఇచ్చిన రోగుల వివరాలను అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశీలించినా అందులో ప్రయోజనం కనబడలేదు. తెలుగు ఇళ్లలో తిండి కోత మరో రూపంలో ఉంటుంది. గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు నెమ్ము చేస్తుందని, మాంసం అరగదని ఒక్కొక్కటే తీసేస్తూ చివరికి జావకు చేరుస్తారు. ప్రేమతో చేసే పనే అయినా, బరువు తగ్గుతున్న రోగికి ఇది నష్టం చేస్తుంది.

ఆ నష్టాన్ని అంకెల్లో చూపినది 1980లో డివీస్ బృందం చేసిన పరిశీలన. రకరకాల క్యాన్సర్లున్న 3,047 మందిని చూస్తే, కీమోకు ముందే బరువు తగ్గినవాళ్లు మొత్తం మీద తక్కువకాలం బతికారు. అయితే పోషకాలు ఎక్కించి బరువు పెంచుదామన్న ఉత్సాహం తర్వాత దెబ్బతిన్నది. సిరల ద్వారా పోషకాలు ఎక్కించే పద్ధతిని కీమో రోగులకు విస్తారంగా వాడి చూశారు. ఇన్‌ఫెక్షన్లు పెరిగాయే తప్ప ఆయుష్షు పెరగలేదు. 1989లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ దాన్ని మామూలుగా అందరికీ వాడవద్దని చెప్పింది.

కారణం తర్వాత స్పష్టమైంది. క్యాన్సర్ రేపే వాపు రసాయనాలు ఆకలిని చంపుతాయి, తిన్నా కండను కరిగిస్తాయి. ఈ క్షీణతను కెకెక్సియా అంటారు. 2011లో కుదిరిన అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం ఆరు నెలల్లో 5 శాతానికి మించి బరువు తగ్గడం దీనికి ప్రధాన గుర్తు. ఉత్త ఆకలితో చిక్కినవాడు తింటే కోలుకుంటాడు. ఈ క్షీణత తిండి ఒక్కదానితో వెనక్కి రాదు. అందుకే రోగి తినడం లేదని ఇంట్లో గొడవపడటం అన్యాయం. తినకపోవడం మొండితనం కాదు, జబ్బు లక్షణం.

ఆకలి పెంచే మందుల్లో మన దగ్గర నుంచి వచ్చిన ఒక అధ్యయనానికి ప్రపంచమంతా గుర్తింపు దక్కింది. పుదుచ్చేరి జిప్మర్‌లో జీర్ణాశయ, కాలేయ–క్లోమ సంబంధ, ఊపిరితిత్తుల క్యాన్సర్లు ముదిరి కీమో తీసుకుంటున్న 124 మందిలో కొందరికి రోజూ 2.5 మిల్లీగ్రాముల ఓలాంజపిన్, మిగతావాళ్లకు ఉత్తుత్తి మాత్ర 12 వారాలు ఇచ్చారు. 2023లో వెలువడిన ఫలితాల్లో, బరువు 5 శాతానికి పైగా పెరిగినవాళ్లు మందు గుంపులో 60 శాతం, రెండో గుంపులో 9 శాతం. ఓలాంజపిన్ పాత మందు, చవక మందు. మన ఆసుపత్రులకు ఇంతకంటే కావలసిన గుణం మరొకటి లేదు.

విటమిన్ల చరిత్రలో రెండు ఘట్టాలు పక్కపక్కన పెట్టి చదవదగ్గవి. ఫిన్లండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషుల మీద జరిగిన పరీక్షలో బీటా కెరోటిన్ మాత్రలు మింగినవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. ఇక 2004లో అనుమతి పొందిన పెమెట్రెక్సెడ్ కీమో సంగతి దీనికి ఎదురు. ఒంట్లో ఫోలేట్ తక్కువగా ఉన్నవాళ్లలో ఆ మందు తీవ్రంగా వికటిస్తోందని తొలి పరీక్షల్లో గమనించి, ఫోలిక్ ఆమ్లం, బి12 తప్పనిసరి చేశారు. ఒకచోట విటమిన్ హాని, ఒకచోట విటమిన్ లేకపోతే చికిత్సే లేదు. డాక్టరుకు చెప్పకుండా ఏ మాత్రా మొదలుపెట్టకూడదు అనడానికి ఇదే కారణం.

మాత్రలు, ఇమ్యూనోథెరపీ

జెఫిటినిబ్ మాత్ర 2002లో జపాన్‌లో, 2003లో అమెరికాలో వచ్చింది. కొందరికి అద్భుతంగా పనిచేసి, ఎక్కువమందికి పనిచేయకపోవడం వైద్యులను అయోమయంలో పడేసింది. 2004లో చిక్కు వీడింది. గడ్డలో ఈజీఎఫ్‌ఆర్ జన్యువు మార్పు చెందినవాళ్లకే ఆ మేలు. 2007లో జపాన్‌లో హిరోయుకి మానో బృందం ఆల్క్ జన్యువు మార్పును కనిపెట్టింది. 2011లో దానికి క్రిజోటినిబ్ వచ్చింది. 2015లో ఓసిమర్టినిబ్ అందుబాటులోకి వచ్చింది. ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉండి మొదటి నుంచే దాన్ని వాడినవాళ్లలో సగం మంది 38.6 నెలలకు పైగా జీవించారని తర్వాతి పరీక్ష చూపింది. ఎనిమిది నెలల లెక్క నుంచి ఇక్కడికి రావడం చిన్న విషయం కాదు.

పొగతాగని ఆడవాళ్లలో ఈజీఎఫ్‌ఆర్ జన్యుమార్పు ఎక్కువగా కనిపిస్తుంది. కాని జబ్బు ఆలస్యంగా బయటపడటం ఒక అడ్డంకి. మనదేశంలో ఛాతీ ఎక్స్‌రేలో మచ్చ చూసి టీబీ మందులు వాడుతూ నెలలు పోగొట్టుకున్నాక క్యాన్సర్ బయటపడే కేసులు తక్కువేం కావు. ఖర్చు మరో అడ్డంకి. హైదరాబాద్‌లోని నాట్కో వంటి కంపెనీలు జెఫిటినిబ్ జెనెరిక్ తయారు చేయడంతో ఆ మాత్ర సామాన్యుల దరిదాపుల్లోకి వచ్చింది. జెఫిటినిబ్‌కు కీమో జోడిస్తే జబ్బు పెరగకుండా ఉన్న కాలం 8 నెలల నుంచి 16 నెలలకు చేరుతుందని ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రి 350 మందితో చేసిన పరీక్ష చూపింది. ఓసిమర్టినిబ్, ఇమ్యూనోథెరపీ మందు డుర్వాలుమాబ్‌ల మీద దిగుమతి సుంకాన్ని కేంద్రం 2024 బడ్జెట్‌లో ఎత్తేసింది.

మాత్రలు వచ్చాక తిండి వేళలు కూడా చికిత్సలో భాగమయ్యాయి. ఈజీఎఫ్‌ఆర్ మాత్ర ఎర్లోటినిబ్ తిండికి గంట ముందో, తిన్న రెండు గంటల తర్వాతో వేసుకోవాలి. ఆల్క్ మాత్ర అలెక్టినిబ్ తిండితోనే వేసుకోవాలి. ఇళ్లలో అలవాటుగా మింగే గ్యాస్ మాత్ర ఎర్లోటినిబ్, జెఫిటినిబ్ ఒంటబట్టకుండా చేస్తుంది. ఈజీఎఫ్‌ఆర్ మాత్రలతో విరేచనాలు సాధారణం. అప్పుడు కొన్నాళ్లు కారం, వేపుళ్లు తగ్గించి, పలచని మజ్జిగ, గంజి, అరటిపండు, ఓఆర్‌ఎస్‌తో నెట్టుకురావాలి.

గడ్డ మీద శరీర రక్షణ కణాలను తిరిగి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ 2015లో ఈ జబ్బుకు అనుమతి పొందింది. దానికి పునాది వేసిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ దక్కింది. గడ్డ కణాల మీద పీడీ–ఎల్1 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉన్నవాళ్లలో పెంబ్రోలిజుమాబ్ ఒక్కటే కీమోను మించిందని 2016లో రుజువైంది. ఖర్చు లక్షల్లో ఉండటం వల్ల మన రోగుల్లో చాలామందికి ఇది ఇంకా అందలేదు.

ఉపశమన చికిత్స, వంటింటి లెక్క

2010లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి నుంచి వచ్చిన ఒక చిన్న అధ్యయనం ఈ చరిత్రలో పెద్ద మలుపు. కొత్తగా నాలుగో దశ నిర్ధారణ అయిన 151 మందిలో సగం మందికి మామూలు చికిత్సతోపాటు మొదటి నుంచే ఉపశమన వైద్యుల సాయం అందించారు. వాళ్ల బతుకు నాణ్యత మెరుగుపడింది. చివరి రోజుల్లో తీవ్రమైన చికిత్సలు తగ్గాయి, అయినా 8.9 నెలలకు బదులు 11.6 నెలలు బతికారు. ఉపశమన చికిత్స అంటే చేతులెత్తేయడమని అనుకునేవాళ్లకు ఈ అంకెలు చూపాలి. ఉపశమన చికిత్సలో వాడే మార్ఫిన్ మనదేశంలో దొరకడానికి ఉన్న చిక్కులను తగ్గించే దిశగా మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించారు. మార్ఫిన్ నొప్పితోపాటు ఆయాసాన్నీ తగ్గిస్తుంది.

ఐరోపా పోషకాహార వైద్య సంఘం క్యాన్సర్ రోగికి కిలో బరువుకు రోజుకు 25–30 కేలరీలు, 1 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు సూచిస్తుంది. 50 కిలోల మనిషికి 1,250–1,500 కేలరీలు, 50–75 గ్రాముల మాంసకృత్తులు అన్నమాట. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. జావ, గంజి మీదే ఉంటే ఈ లెక్క దరిదాపుల్లోకి రాదు. ఆయాసం ఉన్నవాళ్లకు నిండు భోజనం కష్టం, నిండిన పొట్ట ఉదరవితానాన్ని పైకి నెట్టి ఊపిరిని ఇరుకు చేస్తుంది. రెండు మూడు గంటలకోసారి గుప్పెడంత పెట్టడం మేలు. ముద్దపప్పులో నెయ్యి, పాలలో పాలపొడి, అన్నంలో వేరుశనగ పొడి, నాలుగింటికి ఒక సున్నుండ, ఇవి పరిమాణం పెంచకుండా బలం పెంచుతాయి. నోటిలో లోహపు రుచి ఉంటే స్టీలు చెంచా బదులు చెక్క చెంచా, వేడివేడిగా కాకుండా చల్లారిన తిండి కొందరికి నయమనిపిస్తుంది. మింగేటప్పుడు పొలమారితే మాత్రం ఇంటి చిట్కాలతో ఆగకుండా డాక్టరుకు చెప్పాలి. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఈ లెక్కలు మారతాయి. చివరి రోజుల్లో శరీరమే తిండిని వద్దంటుంది, అప్పుడు బలవంతంగా తినిపించడం ఆయాసాన్ని, వాంతులను పెంచుతుంది.

క్షీణతను ఎదుర్కొనే కొత్త ప్రయత్నాల్లో భాగంగా, ఆకలిని అణిచే జీడీఎఫ్–15 అనే ప్రొటీన్‌ను అడ్డుకునే పోన్సెగ్రోమాబ్ ఇంజెక్షన్‌ను ఊపిరితిత్తుల, క్లోమ, పెద్దపేగు క్యాన్సర్లున్న 187 మందిలో పరీక్షించారు. 2024లో ప్రచురించిన వివరాల ప్రకారం 12 వారాల తర్వాత అత్యధిక మోతాదు పొందినవాళ్లు, ఉత్తుత్తి ఇంజెక్షన్ పొందినవాళ్ల కంటే 2.81 కిలోలు ఎక్కువ బరువున్నారు. ఇలా కరిగిన బరువు తిరిగి పెరిగితే ఆయుష్షు కూడా పెరుగుతుందని ఇంకా నిరూపణ కావాలి.