ముడి వేసిన ధమని

దవడ మూలకు కాస్త దిగువగా, గొంతు ప్రక్కన రెండు వేళ్ళు ఆనించి చూడండి. కొట్టుకుంటూ తగులుతుంది. అది కెరోటిడ్ ధమని. ఆ పేరుకు మూలం 'మైకం' అని అర్థమిచ్చే గ్రీకు మాట. రెండు ప్రక్కలా గట్టిగా నొక్కితే మనిషి స్పృహ తప్పుతాడని గ్రీకులు గమనించారు (నేను ఆనించమన్నానే గాని నొక్కమనలేదు!). మన సుశ్రుతుడు లెక్కించిన 107 మర్మస్థానాలలో మెడకు ఇరుప్రక్కలా నాలుగేసి చొప్పున ఉన్న సిరామాతృకలున్నాయి. దెబ్బ తగిలిన వెంటనే ప్రాణం తీసే మర్మాలని ఆయన వాటిని వర్గీకరించాడు. ఆ దరిదాపులలోనే ఉన్న నీల, మన్య అనే ధమనులకు గాయమైతే మూగతనం, గొంతు మారిపోవడం కలుగుతాయని కూడా చెప్పాడు. మెడ గాయానికి ప్రాణంతో బాటు మాట కూడా మూల్యం కావచ్చునన్న ఎరుక అంత పాతది.

ఆ మూల్యాన్ని కళ్ళారా చూసిన వైద్యుడు ఆంబ్రాజ్ పారే. ఫ్రెంచి సైన్యంలో క్షురక వైద్యుడు. తెగిన అవయవానికి ఎర్రగా కాల్చిన ఇనుము పెట్టి నెత్తురు ఆపడం ఆనాటి పద్ధతి. దానికి బదులు రక్తనాళాన్ని పట్టుకుని దారంతో ముడి వేయడాన్ని ఆయన తిరిగి వాడుకలోకి తెచ్చాడు. 1552లో ఒక సైనికుడికి మెడలో కెరోటిడ్ ధమని, దాని ప్రక్కనుండే జుగ్యులర్ సిర రెండూ తెగితే, రెంటికీ ముడి వేశాడు. నెత్తురు ఆగింది, మనిషి బ్రతికాడు. కాని శరీరం ఎడమ ప్రక్క పడిపోయింది, నోట మాట పోయింది.

ఇక్కడ నాకొక సందేహం. ఎడమ ప్రక్క పడిపోయిందంటే దెబ్బతిన్నది కుడి మెదడు. మాటకు నెలవు సాధారణంగా ఎడమ మెదడని 1860లలో పారిస్‌లోనే బ్రోకా చూపాడు. పారే సైనికుడు అరుదైన కోవకు చెందినవాడై ఉండాలి, లేదా పోయినది భాష కాక ఉచ్చారణ అయి ఉండాలి. ఏదైనా ఆ మనిషి మిగిలిన జీవితం ఎలా గడిపాడో ఎవరూ వ్రాయలేదు. వైద్యచరిత్రలో అతడు 'విజయవంతమైన చికిత్స'గా మాత్రమే మిగిలాడు.

పారే గురించి మరొక్క మాట, మనకు దగ్గరిది గనుక. ఆయన లాటిన్‌లో గాక తల్లిభాష ఫ్రెంచిలో వ్రాశాడు. 1575లో ఆయన రచనలన్నీ ఒక సంపుటంగా వస్తే పారిస్ వైద్య పండితులు అడ్డుపడ్డారు. పల్లెభాషలో శాస్త్రమేమిటని ఈసడించేవాళ్ళు మనకూ కొత్త కాదు.

ఒకే ముడికి ఒకడు కుప్పకూలడం, మరొకడు చెక్కుచెదరకుండా లేచి నడవడం ఎందుచేత? దీనికి ఆధారం 1664లో థామస్ విల్లిస్ గ్రంథంలో దొరికింది. మెదడు అడుగున నాలుగు ధమనుల శాఖలు కలిసి ఒక వలయంగా ఏర్పడతాయి. ఒక కాలువకు గండి పడితే ఎగువన కలిసే మరో కాలువ చేనును తడిపినట్లు, ఒక ప్రక్క ఆగిన రక్తం రెండవ ప్రక్కనుంచి రాగలదు. అయితే ఆ వలయం అందరిలోనూ పూర్తిగా ఉండదు. ఎవరిలో ఉందో, ఎవరిలో లేదో ముడి వేసేవాడికి తెలిసే దారి లేదు.

తెలియకుండానే ముడి వేసి గెలిచినవాడు డేవిడ్ ఫ్లెమింగ్, బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు. 1803 అక్టోబరులో 'టోనాంట్' అనే యుద్ధనౌకపై ఒక సేవకుడు తన గొంతు తానే కోసుకున్నాడు. గాయం కట్టారు, మనిషి తేరుకుంటున్నాడు. వారం దాటాక ధమని గోడ తెగి నెత్తురు చిమ్మింది. అలాంటి శస్త్రచికిత్స ఎవరైనా చేసినట్లు ఫ్లెమింగ్ విని ఉండలేదు. ఊగే ఓడ, మత్తుమందు లేని కాలం. గాయానికి దిగువన కోసి, కెరోటిడ్‌ను పట్టుకుని కట్టేశాడు. రోగి కోలుకున్నాడు, పక్షవాతం రాలేదు. అంతకు కొద్దికాలం ముందే లండన్‌లో, ఆవు కొమ్ము మెడలో దిగిన మనిషికి పేరుమోసిన అబర్నెతీ ఇదే ముడి వేసి దక్కించుకోలేకపోయాడు. అనామకుడైన ఓడ వైద్యుడి కథ అచ్చులోకి రావడానికి మాత్రం 1817 దాకా పట్టింది.

కట్టేయడం కాక కుట్టి అతకవచ్చుననే ఆలోచనకు మరో హత్య కారణమైంది. 1894లో ఫ్రాన్స్ అధ్యక్షుడు సాదీ కార్నో లియాన్‌లో కత్తిపోటుకు గురై, కడుపులోని పెద్ద సిర తెగి మరణించాడు. నాళాన్ని కుట్టగలిగితే బ్రతికేవాడని అలెక్సీ కారెల్ అనే యువ వైద్యుడికి తోచింది. ఆయన లియాన్‌లోని ఒక కుట్టుపనివారి దగ్గర సన్నని సూదిపని నేర్చాడు. రక్తనాళాలను అతికే పద్ధతిని 1902లో ప్రకటించి, 1912లో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

అయినా రెండు ప్రపంచయుద్ధాలలోనూ ముడిదే రాజ్యం! మొదటి యుద్ధంలో కెరోటిడ్ కట్టివేసినవారిలో సుమారు 30 శాతం మందికి మెదడు దెబ్బతిన్నదని మేకిన్స్ 1919 నాటి పుస్తకం వలన తెలుస్తుంది. రెండవ యుద్ధంలో అమెరికా సైనికుల ధమని గాయాలు 2,471 పరిశీలిస్తే, కుట్టినవి 81 మాత్రమేనని డిబేకీ, సిమియోన్ 1946లో వ్రాశారు. ఇది వైద్యుల చేతగానితనం అనుకుంటే పొరపాటే. క్షతగాత్రుడు బల్ల మీదకు చేరేసరికి గంటలు గడిచేవి, గాయం కుళ్ళేది. కొరియా యుద్ధంలో హెలికాప్టర్లు, రక్తదానం, యాంటీబయాటిక్స్ తోడయ్యాకే సూది ముడిని గెలవగలిగింది.

ఆ తరువాతి వాదన మరొకటి. పైకి చిన్నదిగా కనబడే మెడ గాయాన్ని తెరిచి చూడాలా, వేచి చూడాలా? 1956లో డల్లాస్ వైద్యులు ఫోగెల్మన్, స్టువర్ట్ తమ నూరుగురు రోగుల లెక్క చెప్పారు. వెంటనే తెరిచినవారిలో మరణాలు 6 శాతం, ఆలస్యమైన లేదా తెరవనివారిలో 35 శాతం. దానితో చర్మం క్రింది పలుచని కండరం దాటిన ప్రతి గాయాన్నీ తెరవాలన్న నియమం స్థిరపడింది. తెరిచిన మెడలలో చాలావాటిలో లోపల ఏమీ ఉండకపోవడంతో అదీ సడలింది. 1969లో చికాగో వైద్యులు మెడను మూడు మండలాలుగా విభజించారు. నడిమి మండలం కత్తికి సులువుగా అందుతుంది. ఎదుర్రొమ్ము ఎముక వెనుకకు పోయే క్రింది మండలం, పుర్రె అడుగున ఉండే పై మండలం అందవు. ఇప్పుడు స్థిమితంగా ఉన్న రోగికి ముందుగా సి.టి. యాంజియోగ్రఫీ చేసి, కత్తి అందనిచోట నాళం లోపలినుండే స్టెంటు పెట్టగలుగుతున్నారు. ఎగజిమ్మే గాయంలో మూత్రానికి వాడే ఫోలీ గొట్టం దూర్చి, దాని బుడగను నీటితో ఉబ్బించి నెత్తురు ఆపడం నాకు ఈ చరిత్రంతటిలోకీ ముచ్చటైన ఉపాయం.

ఇదంతా ఎక్కడో ఫ్రాన్సు, అమెరికాల గొడవ అనుకోవద్దు. సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. 2024 జనవరిలో, సంక్రాంతికి ముందు, హైదరాబాదులో బండి మీద వెళుతున్న ఒక సైనికుడి మెడ ఆ దారానికే తెగింది. పారే సైనికుడికి దొరికిన ముడి కూడా అతనికి అందలేదు.

అలాంటి గాయం ఎదుట పడితే, నెత్తురు వస్తున్న చోటనే శుభ్రమైన గుడ్డతోనో, వట్టి వేళ్ళతోనో నేరుగా నొక్కి పట్టాలి. మెడ చుట్టూ కట్టు బిగించకూడదు. గుచ్చుకున్న వస్తువు ఉంటే పీకకూడదు. ఆగిందా లేదా అని మధ్యలో చెయ్యి తీసి చూడకుండా, వైద్యుడి చెయ్యి వచ్చి మన చెయ్యి చోటు తీసుకునేదాకా అలాగే పట్టి ఉండాలి.