షోకేస్‌లో ఉన్న టీ కప్పులు ఎవరి కోసం?

ఈరోజు ఎపిసోడ్ మా అమ్మ అడిగిన ఒక ప్రశ్నతో మొదలవుతుంది.

తెనాలిలో మా ఇల్లు ఖాళీ చేసి అమ్మా నాన్నా ఫ్లాట్‌కి మారుతున్నారు. అక్కడ మన పాత ఇళ్లలో ఉండే గోడ షోకేస్ లేదు. అందుకని పోయిన నెల అమ్మ ఫోన్ చేసి, "ఒరేయ్, ఆ టీ సెట్ ఏం చేద్దాం? అక్కకి ఇచ్చేద్దామా, నువ్వు పట్టుకెళ్తావా?" అంది.

ఆ టీ సెట్ మీ ఇంట్లో కూడా ఉండే ఉంటుంది. ఆరు కప్పులు, ఆరు సాసర్లు, ఒక కెటిల్, పాలకొకటి, చక్కెరకొకటి. పలచగా, తెల్లగా, అంచుకి బంగారు గీత. 1993లో అమ్మానాన్నల పెళ్లికి నాన్న ఆఫీసు వాళ్లు ఇచ్చారు. నాకు తెలిసి అది బయటికొచ్చింది రెండేసార్లు. ఒకటి అక్క పెళ్లిచూపులకి, రెండోది నాన్న రిటైరైన రోజు. ఆ రెండుసార్లూ చుట్టాలందరికీ ఆ కప్పుల్లో టీ ఇచ్చి, అమ్మ మాత్రం వంటింట్లో నిలబడి స్టీల్ గ్లాసులో తాగింది.

ముప్పై ఏళ్లకి పైగా తుడిచింది ఆవిడ. ఒక్కసారి కూడా అందులో తాగలేదు. ఎందుకు? మనకి పింగాణీ అంటే ఈ భయం ఎక్కణ్నుంచి వచ్చింది? అమ్మకి జవాబు చెప్పే ముందు ఆ సంగతి చూద్దామని కూర్చున్నాను. కథ చాలా దూరం వెళ్లింది.

పింగాణీ చైనా వాళ్లది. వెయ్యేళ్లకి ముందే వాళ్లకి అది చేయడం వచ్చు. జింగ్‌దెజెన్ అనే ఊరు మొత్తం దానిమీదే బతికేది. కయోలిన్ అనే తెల్లమట్టి, ఒక రకం రాతిపొడి కలిపి, దాదాపు 1300 డిగ్రీల వేడిలో కాలిస్తే ఆ మట్టి సగం గాజులా మారుతుంది. అందుకే వెలుతురుకి పట్టుకుంటే అవతల వేళ్ల నీడ కనిపిస్తుంది, గోటితో కొడితే గంటలా మోగుతుంది. యూరప్ వాళ్లు వందల ఏళ్లు ప్రయత్నించినా ఆ రెసిపీ పట్టుకోలేకపోయారు. ఓడల్లో కొనుక్కునేవాళ్లు. దాన్ని తెల్ల బంగారం అన్నారంటే ఊరికే కాదు.

ఈ పిచ్చి నెత్తికెక్కినవాళ్లలో నంబర్ వన్, జర్మనీలోని సాక్సనీ పాలకుడు అగస్టస్. ఆయన దగ్గర బోట్గర్ అని ఒక కుర్రాడు ఉండేవాడు. బంగారం చేస్తానని గొప్పలు చెప్పి ఇరుక్కున్నాడు. అగస్టస్ అతన్ని బందీగా పెట్టి, "చెయ్యి" అన్నాడు. బంగారం ఎలాగూ రాలేదు. కానీ చిర్న్‌హౌస్ అనే శాస్త్రవేత్తతో కలిసి మట్టి మీద ప్రయోగాలు చేస్తూ 1708లో పింగాణీ చేసేశాడు. 1710లో మైసెన్‌లో ఫ్యాక్టరీ మొదలైంది. బోట్గర్ 1719లో చనిపోయాడు. అప్పటికి అతనికి 37 ఏళ్లు.

సొంత ఫ్యాక్టరీ ఉన్నా అగస్టస్‌కి తృప్తి లేదు. 1717లో పక్కనున్న ప్రష్యా రాజుకి తన సైన్యంలోంచి 600 మంది సైనికుల్ని ఇచ్చేసి, బదులుగా 151 చైనా పింగాణీ వస్తువులు తీసుకున్నాడు. లెక్కేసుకోండి, ఒక్కో వస్తువుకి దాదాపు నలుగురు మనుషులు! అందులోని పెద్ద జాడీల్ని ఇవాళ్టికీ 'డ్రాగూన్ వేజ్‌లు' అనే పిలుస్తారు. డ్రాగూన్ అంటే అప్పటి గుర్రపు సైనికుడు.

వాటన్నిటినీ పెట్టడానికి డ్రెస్డెన్‌లో ఒక ప్యాలెస్ మొత్తాన్ని సిద్ధం చేయించడం మొదలుపెట్టాడు. అది పూర్తి కాకుండానే 1733లో పోయాడు. ఆ తర్వాత ఆ సేకరణ చాలాకాలం నేలమాళిగలో పడి ఉంది. 1876లో గానీ దానికి సరైన మ్యూజియం దొరకలేదు. మనుషుల్ని ఇచ్చి మరీ తెచ్చుకున్నవి, తరాల తరబడి చీకట్లో ఉన్నాయి. మన షోకేస్‌కి కనీసం గాజు తలుపైనా ఉంటుంది.

ఇదే సాక్సనీలో ఇంకో కథ. అగస్టస్ తర్వాత అక్కడ చక్రం తిప్పిన మంత్రి పేరు బ్రూల్. 1737 నుంచి 1742 దాకా ఆయన కోసం మైసెన్ వాళ్లు ఒక డిన్నర్ సెట్ చేశారు. రెండు వేలకి పైగా వస్తువులు. ప్రతిదాని మీదా హంసలు, గవ్వలు. పేరు కూడా స్వాన్ సర్వీస్. ఆయన పోయాక కుటుంబం దాన్ని తమ కోటలో తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చింది. రెండు వందల ఏళ్లు! 1945లో యుద్ధం ఆ కోట దాకా వచ్చింది. కోట తగలబడింది, సెట్‌లో చాలా భాగం ముక్కలైపోయింది. మిగిలినవి ఇవాళ ఒక ప్లేటు ఇక్కడ, ఒక గిన్నె అక్కడ అన్నట్టు ప్రపంచంలోని మ్యూజియంలలో ఉన్నాయి.

ఇక్కడ నేను ఆగిపోయాను. ఎందుకంటే మన ఇళ్లలో లాజిక్ ఏంటి? వాడితే పగులుతుంది, దాస్తే ఉంటుంది. కానీ దాచినదాన్ని కూడా ఏదో ఒకటి వచ్చి పగలగొడుతుంది. యుద్ధమే అక్కర్లేదు, ఇల్లు మారేటప్పుడు ఒక అట్టపెట్టె జారినా చాలు.

దీనికి ఎదురు ఉదాహరణ ఇస్తాంబుల్‌లో ఉంది. టోప్‌కాపీ ప్యాలెస్‌లో ఒట్టోమన్ సుల్తానుల చైనా పింగాణీ ఇప్పటికీ పది వేలకి పైగా ఉంది. అవి షోకేస్‌లో పెట్టడానికి కొన్నవి కావు. ప్యాలెస్ విందుల్లో వడ్డించినవి. మూతి విరిగితే వెండితో మూతి పెట్టించారు, మూత పగిలితే లోహపు మూత చేయించారు. ఆ అతుకులు ఇవాళ్టికీ కనిపిస్తాయి. వాడారు, పగిలాయి, బాగు చేయించుకున్నారు, మళ్లీ వాడారు. అయినా పది వేలు మిగిలాయి.

మరి మన టీ సెట్ సంగతి? అది తెల్ల బంగారం కాదు కదా. 1790ల్లో ఇంగ్లండ్‌లో జోసయా స్పోడ్ బోన్ చైనాని ఒక పద్ధతికి తెచ్చాడు. మట్టిలో దాదాపు సగం పశువుల ఎముకల బూడిద కలుపుతారు. అవును, పేరులో ఉన్న బోన్ నిజంగా ఎముకే. మీ ఇంట్లో శాకాహారులుంటే ఈ ముక్క కాస్త మెల్లగా చెప్పండి. విషయం ఏంటంటే, ఆ బూడిద వల్ల కప్పు పలచగా ఉన్నా గట్టిగా ఉంటుంది. చూడ్డానికి సున్నితం, నిజానికి మొండిది. తర్వాత ఫ్యాక్టరీలు పెరిగాయి, వేలకి వేలు తయారయ్యాయి, మధ్యతరగతి పెళ్లిళ్లలో గిఫ్ట్ అయ్యాయి.

నాకు అర్థమైంది ఇది. ధర దిగింది, భయం దిగలేదు. ఒక జాడీకి నలుగురు సైనికులు పలికిన కాలం నాటి జాగ్రత్తని, వేలల్లో తయారైన కప్పు మీద కూడా మనం చూపిస్తున్నాం. అదే ఇంట్లో అమ్మ ఆవకాయ జాడీ చూడండి. అదీ కాల్చిన మట్టే. ఏటా ఎండాకాలం అటక మీంచి దిగుతుంది, కడుగుతారు, ఎండబెడతారు, నింపుతారు. దానికి ఎవరూ భయపడరు. మా ఇంట్లో అది టీ సెట్ కంటే పాతది. అంచు కాస్త లేచిపోయింది, అంతే.

అలాగని దాచడమే తప్పు అని నేను అనను. మన హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం తీసుకోండి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా వస్తువులు సేకరించాడు. చైనా, డ్రెస్డెన్, ఫ్రాన్స్ పింగాణీలన్నీ అందులో ఉన్నాయి. 1949లో ఆయన పోయాడు, పెళ్లి కాలేదు, వారసులు లేరు. 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా అది మ్యూజియం అయింది. ఇవాళ ఎవరైనా టికెట్ కొనుక్కుని వెళ్లి చూడొచ్చు. అలాంటివి వాడేసి పగలగొట్టుకుంటే నష్టం అందరిదీ.

తేడా ఇక్కడే ఉంది. అరుదైన వస్తువుకి దాని చరిత్ర ముందే ఉంటుంది, దాన్ని కాపాడాలి. ఫ్యాక్టరీలో పుట్టిన మన కప్పుకి చరిత్ర అంటూ ఏదైనా ఉంటే, అది మన ఇంట్లోనే పుట్టాలి. ఎవరు తాగారు, ఏం మాట్లాడుకుంటూ తాగారు అన్నదే దాని కథ. తాగకపోతే కథ లేదు.

మీరూ బయటికి తీస్తే రెండు జాగ్రత్తలు. బంగారు అంచున్నవి మైక్రోవేవ్‌లో పెట్టకండి, మెరుపులొస్తాయి. బాగా పాతవైతే పైన వేసిన రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. పువ్వులు చెరిగిపోతున్నా, లోపలివైపు రంగు ఉన్నా అందులో తినడం తాగడం వద్దు. నిమ్మరసం, పచ్చడి లాంటి పులుపు అసలే వద్దు.

మా ఇంట్లో లోపలంతా తెల్లగానే ఉంది, పువ్వు బయటివైపే. కాబట్టి పోయిన ఆదివారం తెనాలి వెళ్లి, సామాన్లు సర్దే ముందు నేనే టీ పెట్టాను. రెండు కప్పులు తీసి కడిగి, ఒకటి అమ్మ చేతికిచ్చాను. "పగిలితే సెట్ పోతుందిరా" అంది. "పోనీ అమ్మా, ఇంకో ఐదు ఉంటాయి" అన్నాను. రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా తాగింది. ఏమంటుందా అని చూస్తున్నాను.

"టీ తొందరగా చల్లారిపోతోంది" అంది.

నిజమే. పలచటి కప్పు, వెడల్పు మూతి. స్టీల్ గ్లాసుకి అలవాటు పడ్డ మనిషికి అది నచ్చదు. రెండో టీ మళ్లీ స్టీల్ గ్లాసులోనే తాగింది. కానీ అక్కకి ఇచ్చేయమనే మాట మళ్లీ ఎత్తలేదు. కొత్త ఫ్లాట్‌లో ఆ కప్పులు ఇప్పుడు వంటింటి అరలో, గ్లాసుల పక్కనే ఉన్నాయి. నిన్న వీడియో కాల్‌లో చూశాను, ఒకటి సింక్ దగ్గర బోర్లించి ఉంది. ఎవరు తాగారో నేను అడగలేదు.

మీ ఇంటి షోకేస్‌లో ఏముంది? ముఖ్యంగా, దాన్ని ఇన్నేళ్లూ తుడిచిన మనిషి ఎప్పుడైనా అందులో తాగారా? ఇంట్లో ఒకసారి అడిగి, కామెంట్స్‌లో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. బై.