జాతి సామరస్య దినోత్సవం (సింగపూర్)

జాతి సామరస్య దినోత్సవాన్ని సింగపూర్ పాఠశాలలు ఏటా జూలై 21న జరుపుతాయి. 1964లో అదే తేదీన మొదలైన మలయ్–చైనీయుల అల్లర్లను కొత్త తరానికి గుర్తుచేయడానికి 1997లో దీన్ని ప్రారంభించారు. పెద్దల పగ పిల్లలకు వారసత్వంగా అందకుండా ఆ దేశం చేసుకున్న ఏర్పాట్లలో ఇదొకటి. గృహ కేటాయింపు విధానం, చట్టాలు, స్థానిక సంఘాలు మిగతావి.

నేపథ్యం

బ్రిటిష్ పాలకులు 1822లో వేసిన పట్టణ ప్రణాళిక చైనీయులకు, మలయ్‌లకు, భారతీయులకు వేర్వేరు పేటలు కేటాయించింది. ఇరుగుపొరుగు బంధం లేనిచోట పుకారుదే పైచేయి అయింది. ముస్లిం కుటుంబంలో పెరిగిన డచ్ బాలిక మారియా హెర్టోగ్‌ను కన్నవారికి అప్పగించాలని కోర్టు తీర్పివ్వడంతో 1950 డిసెంబరులో చెలరేగిన అల్లర్లలో 18 మంది చనిపోయారు.

1963లో సింగపూర్ మలేసియాలో చేరాక రాజకీయ పార్టీల పోరు జాతుల మధ్య చిచ్చు పెట్టింది. 1964 జూలై 21న ప్రవక్త జయంతి ఊరేగింపు పడాంగ్ మైదానం నుంచి గేలాంగ్ వైపు సాగుతుండగా కల్లాంగ్ ప్రాంతంలో ఘర్షణ మొదలైంది. 23 మంది మరణించారు, 454 మంది గాయపడ్డారు. సెప్టెంబరులో గేలాంగ్ సెరాయ్‌లో ఒక మలయ్ రిక్షా కార్మికుడి హత్యతో పగ మళ్లీ రగిలి మరో 13 ప్రాణాలు పోయాయి. 1969లో మలేసియా రాజధాని కౌలాలంపూర్‌లో జరిగిన జాతి అల్లర్ల సెగ సింగపూర్‌కూ తగిలి నలుగురు బలయ్యారు.

చర్యలు

జూలై అల్లర్ల వెంటనే అన్ని జాతుల పెద్దలతో పేటపేటనా సుహృద్భావ సంఘాలు ఏర్పడ్డాయి. 1989 మార్చి నుంచి ప్రభుత్వ ఫ్లాట్లలో జాతుల వారీ పరిమితులు అమలవుతున్నాయి: ఒక బ్లాకులో చైనీయులు 87 శాతం, మలయ్‌లు 25 శాతం మించకూడదు. భారతీయులు, ఇతరుల వర్గానికి 2010 నుంచి ఈ పరిమితి 15 శాతం. తెలుగువారూ ఈ లెక్కలోకే వస్తారు. నివాసుల్లో నాలుగింట మూడొంతులకు పైగా ఈ ఫ్లాట్లలోనే ఉంటారు కాబట్టి లిఫ్టులో, కింద టీకొట్టులో, ఆటస్థలంలో అందరూ కలవక తప్పదు.

మత సామరస్య పరిరక్షణ చట్టం 1990లో, జాతి సామరస్య పరిరక్షణ చట్టం 2025 ఫిబ్రవరిలో ఆమోదం పొందాయి. రెండో చట్టం కింద, తప్పు చేసిన వ్యక్తి ఇష్టపడితే, విచారణకు బదులు తాను నొప్పించిన సమాజాన్ని తెలుసుకుని సంబంధాలు చక్కదిద్దుకునే అవకాశం ఉంది. శిక్ష ఒక్కటే కోపాన్ని చల్లార్చలేదు కాబట్టి ఇది విలువైన మార్గం.

దినోత్సవం నాడు పిల్లలు భారతీయుల చీర, మలయ్‌ల బాజు కురుంగ్, చైనీయుల చోంగ్‌సామ్ వంటి సంప్రదాయ దుస్తులు ధరిస్తారు, ఒకరి ఆటలు మరొకరు ఆడతారు, 1964 సంఘటనల గురించి తెలుసుకుంటారు.

విమర్శలు

చైనీయుల పరిమితి నిండిన బ్లాకులో మలయ్ లేదా భారతీయ యజమాని తన ఇంటిని చైనీయులకు అమ్మలేడు. కొనేవారు తగ్గి ధర పడిపోతుంది. ఇలా ఇబ్బంది పడేవారి ఫ్లాట్లను కొన్ని షరతులతో తామే కొంటామని 2022లో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ ప్రకటించింది. భారతీయులకు ఇల్లు అద్దెకివ్వబోమనే ప్రకటనలూ పత్రికలకెక్కాయి. రాజ్య నియంత్రణ బలంగా ఉన్నచోట వివక్ష గురించి నిర్మొహమాటంగా మాట్లాడుకోవడం కష్టమన్నది మరో విమర్శ.

ప్రాముఖ్యం

1969 తర్వాత సింగపూర్‌లో ఆ స్థాయి జాతి అల్లర్లు జరగలేదు. నాటి హింసను చూసినవారు ఇప్పుడు వృద్ధులు. ఆ రోజుల్లో మరో జాతి పొరుగువారిని ఇంట్లో దాచి కాపాడినవారూ ఉన్నారు. చంపినవారి కథతోపాటు కాపాడినవారి కథనూ పిల్లలకు చెప్పాలి. అప్పుడే వారికి భయంతోపాటు అనుసరించదగిన దారి కూడా దొరుకుతుంది.