ఆంగ్ల కవిత్వంలో ప్రాచీన క్రియారూపాలు

ఆంగ్ల కవిత్వంలో నేటి వాడుకలో లేని క్రియారూపాలు తరచు కనిపిస్తాయి. వీటిని కవుల కల్పనలుగా భావించడం కద్దు. కాని వీటిలో అధికభాగం ఒకప్పటి సాధారణ వ్యాకరణ శేషాలే.

పురుష ప్రత్యయాలు: మధ్యమ పురుష ఏకవచనమైన 'దౌ'కు '-ఎస్ట్', ప్రథమ పురుష ఏకవచనానికి '-ఎత్' చేరేవి. 'కమెత్' అన్నా 'కమ్స్' అన్నా అర్థం ఒకటే. నేటి '-స్' ప్రత్యయం 'ఇజ్' పోలికతో ఏర్పడిందని ఒక వాదం. ఉత్తర ఇంగ్లండు మాండలికాల నుంచి దక్షిణానికి పాకిందన్నది మరొకటి. లిండిస్‌ఫార్న్ సువార్తలకు 10వ శతాబ్దిలో రాసిన నార్తంబ్రియన్ టీకలోనే ఇది కనిపిస్తున్నందున రెండోదే బలమైనదిగా తోస్తుంది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు '-ఎత్'నే పాటించింది. షేక్‌స్పియర్ రెండూ వాడాడు. '-ఎత్' అని రాసినా '-స్' అనే పలుకుతారని 1643లో రిచర్డ్ హాడ్జెస్ సూచించాడు. అయితే పద్యంలో ఆ అదనపు అక్షరం ఛందస్సుకు అక్కరకొచ్చేది. బహుశా అందుకే కవులు దాన్ని చాలాకాలం విడువలేదు.

'ఇజ్ కమ్' తరహా: ఇది కర్మణి ప్రయోగం కాదు, 'వచ్చి ఉన్నాడు' అని అర్థం. గమనాన్ని, స్థితి మార్పును తెలిపే అకర్మక క్రియలకే ఇది ఎక్కువగా పరిమితం. సుమారు 19వ శతాబ్దిలో 'హ్యాజ్' దీని స్థానాన్ని చాలావరకు ఆక్రమించింది.

ఆశీరర్థకం: 'గాడ్ సేవ్ ది కింగ్' అన్నప్పుడు క్రియకు '-స్' లేకపోవడం పొరపాటు కాదు. 'దేవుడు రాజును కాపాడుగాక' అన్న ఆకాంక్ష అది.

'మిథింక్స్': పాత ఆంగ్లంలో 'తోచు', 'ఆలోచించు' అనే అర్థాలకు వేర్వేరు క్రియలుండేవి. ఇది మొదటిదాని నుంచి వచ్చింది. 'నాకు తోస్తోంది' అనే తెలుగు వాక్యంలో వలెనే ఇక్కడా అనుభవించే వ్యక్తి కర్తగా రాడు.

బుద్ధిపూర్వక ప్రయోగం: స్పెన్సర్ 'ఫెయిరీ క్వీన్' (1590, 1596)లో భూతకాలిక విశేషణాలకు 'య్-' అనే పాత ఉపసర్గను కోరి చేర్చాడు. 1632లో అచ్చయిన షేక్‌స్పియర్ స్మృతి పద్యంలో మిల్టన్ దాన్ని వర్తమాన విశేషణానికి తగిలించాడు. చరిత్ర రీత్యా అది అసాధువు. కోల్‌రిడ్జ్ 1798 నాటి 'ఏన్షియంట్ మారినర్'లోని పాతమాటలను 1800 ముద్రణలో చాలావరకు తగ్గించాడు.

చదువరి ముందుగా కర్త ఏ పురుషలో ఉందో చూడాలి. '-ఎత్' వర్తమానానికే చెందుతుంది. '-ఎస్ట్' భూతకాలంలోనూ వస్తుంది కనుక దాన్నిబట్టి కాలాన్ని నిర్ణయించరాదు.