ప్లాతోన్ సిమిరెంకో

ప్లాతోన్ ఫెదోరోవిచ్ సిమిరెంకో (1821–1863) ఉక్రెయిన్ వర్తకుడు, చక్కెర మిల్లుల నిర్వాహకుడు, ఇంజనీరు, వితరణశీలి. అప్పట్లో రష్యన్ సామ్రాజ్యంలోని కీవ్ గుబేర్నియాకు, ఇప్పుడు ఉక్రెయిన్‌లోని చెర్కాసీ ప్రాంతానికి చెందిన హొరొదీష్చె, మ్లీయివ్ ఊళ్లు ఆయన కార్యక్షేత్రం. అక్కడ ఆయన కుటుంబం కట్టిన కర్మాగారాలు ఆ కాలంలో పేరున్నవి. ఈనాడు ఆయన పేరు నిలిచింది మాత్రం వాటివల్ల కాదు. ఒక కవితా సంపుటి వల్ల, ఒక ఆపిల్ పండు వల్ల.

సిమిరెంకోలది స్మీలా ప్రాంతంలో భూమితో పాటు అమ్ముడయ్యే అర్ధబానిసల వంశం. తాత స్తెపాన్ స్వేచ్ఛా యోధులైన జపోరోజియా కొసాక్కుల్లో ఒకడనీ, 1775లో మహారాణి కేథరిన్ సైన్యం కొసాక్కుల కోటను నేలమట్టం చేశాక ఆమెకు విధేయుడినని ప్రమాణం చేయనన్నందుకు స్వేచ్ఛ పోగొట్టుకున్నాడనీ ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన చుమాక్‌గా చాలా ఏళ్లు తిరిగాడట. చుమాక్‌లంటే ఎడ్లబండ్లు కట్టుకుని క్రిమియా నుంచి ఉప్పు, ఎండుచేపలు తోలుకొచ్చే బిడారు వర్తకులు. ప్లాతోన్ తండ్రి ఫెదీర్ అదే ప్రాంతపు మిహాయిలో యాఖ్నెంకో కూతురు అనస్తాసియాను పెళ్లాడాడు. యాఖ్నెంకోలు కూడా అర్ధబానిసలే. రెండు కుటుంబాలూ కలిసి పిండిమరలు గుత్తకు తీసుకున్నాయి, ధాన్యం, పశువులు కొని అమ్మాయి. కూడబెట్టిన సొమ్ముతో ముందుగా కొన్నది పొలమో ఇల్లో కాదు, తమ స్వేచ్ఛ. ఆ తరువాతే 'యాఖ్నెంకో సోదరులు, సిమిరెంకో' అనే వ్యాపార సంస్థ వెలిసింది, ఒడెస్సా రేవు దాకా విస్తరించింది.

1830ల కరువులో ఈ సంస్థ వేలమంది ఆకలి తీర్చిందని ప్రతీతి. ప్రభుత్వం వీరికి 'వంశపారంపర్య గౌరవ పౌరుల' హోదా ఇచ్చింది. పైకి ఇది అలంకారంలా కనిపించే మాట. దాని విలువ తెలియాలంటే అది తప్పించేవేమిటో చూడాలి: తలపన్ను, నిర్బంధ సైనిక సేవ, కొరడా దెబ్బలు. వీపు చూపించాల్సిన అవసరం లేకుండా పుట్టిన మొదటి తరం ఆ ఇంట్లో ఈ హోదాతోనే మొదలైంది.

కొడుకు ప్లాతోన్‌ను కుటుంబం పారిస్‌కు పంపి ఇంజనీరింగ్ చదివించింది. ఆయన తిరిగొచ్చేనాటికి ఉక్రెయిన్‌లో బీట్ చక్కెర జోరు మొదలైంది. మనకు చక్కెర అంటే చెరకు. చలిదేశాల్లో చెరకు పెరగదు కనుక అక్కడ తెల్లని బీట్ దుంపల నుంచి చక్కెర తీస్తారు. నెపోలియన్ యుద్ధాల్లో ఓడరేవులు మూతపడి, దీవుల నుంచి చెరకు చక్కెర రావడం ఆగినప్పుడు ఐరోపా ఈ దారి పట్టింది. దుంపను తురిమి, రసం పిండి, సున్నంతో మలినాలు విరిచి, ఎముకల బొగ్గు గుండా వడగట్టి, చిక్కబడేదాకా కాస్తారు. జమీందారుల పాత మిల్లుల్లో ఈ కాచడమంతా కట్టెల మంట మీద పెనాల్లో జరిగేది. రసం మాడేది, చక్కెర నల్లబడేది. పని చేసేవాళ్లు అర్ధబానిసలు కనుక కూలి లెక్క ఉండదు, యంత్రం కోసం ఆలోచించే అవసరమూ ఉండదు.

సిమిరెంకోలకు ఆ సౌలభ్యం లేదు. అర్ధబానిసలను సొంతం చేసుకునే హక్కు చట్టప్రకారం ప్రభువంశీకులకే ఉండేది. వర్తకులు జీతాలిచ్చి మనుషులను పెట్టుకోవాల్సిందే. మనిషి ఖరీదైతే యంత్రం చవక. 1843లో తష్లిక్‌లో వీరు కట్టినది ఉక్రెయిన్‌లో ఆవిరితో నడిచిన తొలి చక్కెర శుద్ధి కర్మాగారాల్లో ఒకటి. 1840ల చివర్లో హొరొదీష్చె దగ్గర అంతకంటే చాలా పెద్దది లేచింది. దాన్ని నడిపే బాధ్యత ప్లాతోన్‌ది. ఈ కుటుంబాన్ని ఉదారులని పొగిడేవారు ఇలా జీతాలిచ్చి పని చేయించుకోవడాన్ని గుణంగా చూపుతారు కానీ, ఇందులో గుణమెంత, చట్టం పెట్టిన కట్టుబాటెంత అన్నది విడదీయడం కష్టం. రెండూ ఒకే దిక్కుకు లాగాయి.

మ్లీయివ్‌లో యంత్రాల కర్మాగారం కూడా పెట్టారు. మిల్లుల సామగ్రితో పాటు అక్కడ 'ఉక్రెయినెత్స్', 'యరొస్లావ్' అనే రెండు ఆవిరి పడవలు తయారై ద్నీపర్ నదిలోకి దిగాయి. హొరొదీష్చె మిల్లు చుట్టూ కార్మికుల కోసం ఒక ఊరే వెలిసింది. గ్యాస్ దీపాలు, ఆసుపత్రి, మందుల దుకాణం, చర్చి, నాటకశాల, చక్కెర పనికి కావలసిన సాంకేతిక విద్య నేర్పే బడి. చుట్టుపక్కల పల్లెల్లో మనుషులను ఇంకా భూమితో పాటు అమ్ముతున్న రోజులవి.

1859 వేసవిలో ఆ ఊరికి కవి తరాస్ షెవ్‌చెంకో వచ్చాడు. ఆయనదీ ఆ చుట్టుపక్కల పల్లెలే, ఆయనా అర్ధబానిసగా పుట్టినవాడే. 1838లో పీటర్స్‌బర్గ్‌లోని చిత్రకారులు, రచయితలు 2,500 రూబుళ్లు పోగుచేసి ఆయన స్వేచ్ఛ కొన్నారు. తరువాత రాసిన కవిత్వానికి శిక్షగా పదేళ్లు ప్రవాసంలో సిపాయిగా గడిపి, 1857లో విడుదలయ్యాడు. రాయకూడదు, బొమ్మలు గీయకూడదు అన్నది ఆ శిక్షలోని షరతు. విడుదలైనా పోలీసుల నీడ వదల్లేదు. ఆ ప్రయాణంలోనే మళ్లీ పట్టుకుని కీవ్‌కు తీసుకెళ్లారు. అంతకుముందు మిల్లులో ఉన్న కాస్త సమయంలోనే బడి, కార్మికుల ఇళ్లు చూసి చలించిపోయి, సంస్థ నడిపిన యాఖ్నెంకో సోదరుల్లో ఒకడు, వృద్ధుడైన కింద్రాత్‌ను ఆలింగనం చేసుకున్నాడని ఆయన జీవితచరిత్రల్లో కనిపిస్తుంది. అర్ధబానిసలకు పుట్టినవాళ్లు అర్ధబానిసలు లేకుండా ఇంత కట్టగలరని కళ్లారా చూసినవాడికి అంతకన్నా మాటలు దొరక్కపోవడం సహజమే.

మాటల్లో 'కోబ్జార్' పునర్ముద్రణ సంగతి వచ్చింది. కోబ్జా అనే తీగ వాద్యం మోగిస్తూ వీరగాథలు పాడే సంచార గాయకుణ్ని కోబ్జార్ అంటారు. చాలామంది చూపు లేనివారు. మన శారద కథకుల్లా ఊరూరా తిరిగేవారు. 1840లో వచ్చిన షెవ్‌చెంకో మొదటి సంపుటికి అదే పేరు. ఆయనకు ప్రవాసశిక్ష పడ్డాక దాన్ని నిషేధించారు. ఇప్పుడు సెన్సార్ కొంత సడలించాడు కానీ, పాత ముద్రణల్లో వచ్చిన వాటికి మాత్రమే. కవి చేతిలో డబ్బు లేదు. ఆ శరదృతువులో పీటర్స్‌బర్గ్ నుంచి ఉత్తరం రాశాడు. ప్లాతోన్ 1,100 రూబుళ్లు పంపాడు.

ఈ సొమ్మును చాలాచోట్ల దానమని రాస్తారు. నిజానికి ఇది అప్పు. నగదుగానో పుస్తకాలుగానో తీరుస్తానని కవి ఒప్పుకున్నాడు. చివరికి ప్రతుల రూపంలోనే తీరింది. అది ఆ వ్యవహారం విలువను తగ్గించదు, బహుశా పెంచుతుంది. పదేళ్లు ఒకరి ఆజ్ఞ మీద బతికి వచ్చిన కవికి భిక్ష కన్నా అప్పు మర్యాదగా ఉంటుంది. పైగా ఆ పుస్తకాలు మిల్లు ఊళ్లలోకీ, ఆ చుట్టుపక్కలకీ చేరాయి. రచయిత పంతెలెయిమోన్ కులీష్ ముద్రణాలయంలో అచ్చయిన సంపుటి 1860 తొలి రోజుల్లో వెలువడింది, ఆరు వేలకు పైగా ప్రతులతో. పేరు పుటలో ఎవరి ఖర్చుతో అచ్చయిందో కూడా వేశారు. ఇంటిపేరు మాత్రం 'సిమిరెంకో' కాదు, 'సెమెరెంకో' అని పడింది. మరుసటి ఏడు మార్చిలో షెవ్‌చెంకో చనిపోయాడు. బతికుండగా ఆయన చూసుకున్న చివరి 'కోబ్జార్' ఇదే.

అదే సమయానికి సంస్థ కుంగిపోయింది. అప్పుల మీద విస్తరించిన వ్యాపారం. చక్కెర గిరాకీ పడిపోగానే ఊపిరాడలేదు. 1861లో అర్ధబానిసత్వం రద్దవడంతో దేశమంతా డబ్బు బిగిసింది. కర్మాగారాలు అప్పులవాళ్ల పర్యవేక్షణలోకి వెళ్లాయి. ప్లాతోన్ 1863 ఆరంభంలో, 42 ఏళ్లకే కన్నుమూశాడు. ఆ ఏడాది వేసవిలోనే సామ్రాజ్య అంతర్గత వ్యవహారాల మంత్రి వలూయెవ్ రహస్య ఉత్తర్వు వచ్చింది: ఉక్రెయిన్ భాషలో సామాన్యుల చదువుకు, మతబోధకు పుస్తకాలు అచ్చు వేయకూడదని. 1876లో ఎమ్స్ ఫర్మానా దాన్ని ఇంకా బిగించింది.

భాషకు ఆసరాగా నిలిచే పనిని ప్లాతోన్ తమ్ముడు వసీల్ (1835–1915) కొనసాగించాడు. కుటుంబం దివాలా తీశాక సొంత మిల్లుతో మళ్లీ మొదలుపెట్టి, దశాబ్దాల పాటు ఆదాయంలో పదో వంతును ఉక్రెయిన్ పత్రికలకు, రచయితలకు, పండితులకు ఇచ్చాడు. చాలావరకు పేరు బయటపెట్టకుండా. వితరణ కొలతలో చూస్తే తమ్ముడిదే పెద్ద చెయ్యి. అయితే అజ్ఞాతంగా ఇచ్చినవాడి పేరు పుస్తకాల మీద ఉండదు కదా.

తోటల వెర్రి ప్లాతోన్‌కు వ్యాపారం నడిచిన రోజుల నుంచే ఉంది. మ్లీయివ్‌లో దేశదేశాల పండ్ల మొక్కలు తెప్పించి నాటించాడు. కొడుకు లెవ్కో (1855–1920) రాజకీయ కారణాలతో సైబీరియాలో ప్రవాసశిక్ష అనుభవించి 1887లో తిరిగొచ్చి, ఆ తోటనే నర్సరీగా మార్చి ఐరోపాలో పేరున్న పండ్ల శాస్త్రవేత్త అయ్యాడు. తండ్రి తోటలో ఉన్న ఒక ఆకుపచ్చని, పులుపుతీపి ఆపిల్, చలికాలమంతా చెడకుండా నిలిచేది, ఆయనకు ప్రత్యేకంగా తోచింది. దానికి తండ్రి పేరు పెట్టి, వివరాలు అచ్చులోకి తెచ్చాడు. ఇది ఇంగ్లండ్‌లోని పాత రకమేననే వాదమూ ఉంది. 1920లో లెవ్కోను ఇంట్లోనే హత్య చేశారు. ఆయన కొడుకు, మ్లీయివ్ పరిశోధన కేంద్రాన్ని కట్టిన వొలొదీమిర్‌ను స్టాలిన్ కాలంలో, 1938లో కాల్చి చంపారు. కేంద్రం ఇప్పటికీ పనిచేస్తోంది, లెవ్కో పేరుతోనే.

ఆ ఆపిల్ ఉక్రెయిన్‌లోనూ, పాత సోవియట్ దేశాల్లోనూ పండ్ల బజారుల్లో సాధారణంగా దొరుకుతుంది. శాస్త్ర గ్రంథాల్లో దాని పేరు 'రెనెత్ సిమిరెంకా'. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు మాత్రం ఎక్కువగా 'సెమెరెంకో' అంటారు, అచ్చం 1860 నాటి పేరు పుటలో పడ్డట్టే.