వేసవి సెలవుల్లో పిల్లల మనసుపైనా ఓ కన్ను
శిబిరాలు, జాతరలు, ఉచిత వైద్య సేవలు.. ఉమ్మడి విశాఖ కుటుంబాలకు ఉపయోగపడే సమాచారం

విశాఖపట్నం: పరీక్షలు ముగిశాయని ఊపిరి పీల్చుకునేలోపే ఫలితాలు వచ్చిపడతాయి. 2025లో ఇంటర్మీడియట్ ఫలితాలు ఏప్రిల్ 12న, పదో తరగతి ఫలితాలు 23న వెలువడ్డాయి. ఆ మర్నాటి నుంచి జూన్ 11 వరకు బడులకు సెలవులు. ఏడు వారాల ఈ విరామంలో ఇంట్లో సందడి పెరుగుతుంది. దాంతోపాటే మార్కుల లెక్కలు, పోలికలు, తర్వాత ఏ కోర్సులో చేర్చాలన్న తర్జనభర్జనలూ మొదలవుతాయి. హాస్టళ్లలో చదివే పిల్లలు తల్లిదండ్రుల కళ్లెదుట ఇన్ని రోజులు ఉండేది ఏడాదిలో ఈ ఒక్కసారే. వారి తీరులో మార్పు ఏదైనా ఉంటే గుర్తించే అవకాశమూ ఇప్పుడే.

ఫలితం చేతికందిన రోజు..

తప్పిన విద్యార్థికి మొదట కావలసింది మందలింపు కాదు, సమాచారం. ఇంటర్, పదో తరగతి విద్యార్థులకు అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలుంటాయి. 2025లో ఇంటర్ సప్లిమెంటరీ మే 12న, పదో తరగతి సప్లిమెంటరీ మే 19న మొదలయ్యాయి. అందులో గట్టెక్కినవారికి విద్యా సంవత్సరం వృథా కాదు. రీకౌంటింగ్, రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు చేసుకునే గడువు ఫలితాల వెంటే మొదలవుతుంది. వ్యవధి తక్కువ కనుక మర్నాడే కళాశాలకు వెళ్లి వివరాలు తెలుసుకోవడం మేలు.

అచ్చయిన మార్కులే తుది మాట కాకపోవచ్చునని 2019 నాటి తెలంగాణ ఇంటర్ ఫలితాలు తెలుగువారందరికీ చూపించాయి. ఆ ఏప్రిల్‌లో ఫలితాలు వెలువడిన కొద్ది రోజుల్లోనే 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల ప్రక్రియలో లోపాలున్నట్లు తర్వాత తేలింది. తప్పినవారి జవాబుపత్రాలను ప్రభుత్వం ఉచితంగా పునఃపరిశీలింపజేయగా వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులయ్యారు.

ఆటలు, పుస్తకాలు

జిల్లా క్రీడాప్రాధికార సంస్థ, మహా విశాఖ నగరపాలక సంస్థ వేసవిలో, సాధారణంగా మే నెలలో, క్రీడా శిక్షణ శిబిరాలు నిర్వహిస్తుంటాయి. ఎండల దృష్ట్యా ఉదయం, సాయంత్రం వేళల్లోనే తరగతులుంటాయి. ఏ మైదానంలో ఏ క్రీడ అన్నది ఏటా మారుతుంది కనుక ఏప్రిల్ నెలాఖరులోగా ఆయా కార్యాలయాల్లో విచారించుకోవాలి. జిల్లా గ్రంథాలయ సంస్థ పరిధిలోని శాఖా గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు నడుస్తాయి. పుస్తక పఠనం, కథలు చెప్పించడం, చిత్రలేఖనం వంటివి అక్కడ ఉంటాయి. నలుగురిలో కలవని పిల్లలకు మైదానం కన్నా గ్రంథాలయమే ముందుగా నచ్చవచ్చు.

శిబిరాన్ని మరో పరీక్షగా మార్చే తల్లిదండ్రులూ లేకపోలేదు. పదో తరగతి పరీక్షలు రాసిన వారం రోజులకే ఇంటర్ బ్రిడ్జి కోర్సులో కూర్చోబెట్టడం ఆనవాయితీగా మారింది. సెలవుల్లో తరగతులు నిర్వహించరాదని ఇంటర్ బోర్డు ఆదేశిస్తూనే ఉంటుంది, బ్రిడ్జి కోర్సులు మాత్రం ఆగడం లేదు. రెండేళ్ల చదువుకు ముందు మనసు తేరుకునే వ్యవధి ఈ సెలవులే. అవి కూడా పోతే జూన్‌లో అలసిన పిల్లలే తరగతికి వెళ్తారు.

జాతరలో చుట్టాల ఆరా

2022 ఏప్రిల్‌లో విశాఖ, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయినా ఉమ్మడి జిల్లా వారికి వేసవి ఉత్సవాలు ఉమ్మడివే. అనకాపల్లి నూకాలమ్మ జాతర ఉగాది ముందు రోజున కొత్త అమావాస్యతో మొదలై నెల రోజులు సాగుతుంది. అక్షయ తృతీయ నాడు సింహాచలంలో చందనోత్సవం, అప్పన్న నిజరూప దర్శనం. మన్యంలో చైత్ర మాసాన ఇటుకల పండుగ, మే నెలలో పాడేరు మోదకొండమ్మ జాతర. ఊరంతా కలిసే ఇలాంటి సందర్భాలు యువతకు గొప్ప ఊరట. తాతామామ్మలతో, పినతల్లి పిల్లలతో గడిపిన నాలుగు రోజులు పట్టణపు గదిలో పేరుకున్న దిగులును ఎంతో కొంత తగ్గిస్తాయి.

అయితే 'ఎన్ని మార్కులొచ్చాయి, ఏ ర్యాంకు?' అన్న ఆరా ఎక్కువగా వినిపించేదీ అక్కడే. ఆ ప్రశ్నకు భయపడే చాలామంది పిల్లలు పండగకు రామని మొండికేస్తారు. దాన్ని పొగరుగా భావించడం పొరపాటు. బయలుదేరే ముందే తల్లిదండ్రులు బంధువులకు ఒక్క మాట చెప్పి ఉంచితే సరిపోతుంది.

ఈ మార్పులు కనిపిస్తే..

ఒకటి రెండు రోజులు ముభావంగా ఉండటం ఆ వయసులో సహజమే. రెండు వారాలు దాటినా దిగులు వీడకపోవడం, తిండి తగ్గడం, రాత్రంతా మేలుకుని పగలు నిద్రపోవడం, ఇష్టమైన ఆటను, స్నేహితులను వదిలేయడం, చీటికీ మాటికీ విరుచుకుపడటం మాత్రం వైద్యుల దృష్టికి తీసుకెళ్లవలసిన లక్షణాలు. మత్తు పదార్థాల అలవాటు, ఫోన్ బెట్టింగుల్లో చేసిన అప్పులు కూడా ఇదే రూపంలో బయటపడతాయి. 'నేను మీకు భారం', 'నేను లేకపోతే మీకు హాయి' వంటి మాటలు వింటే ఆ రోజే స్పందించాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగవచ్చు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందన్నది అపోహ. మనసు విప్పే అవకాశం ఇచ్చినట్లవుతుంది. అటువంటి సమయంలో పిల్లలను ఒంటరిగా వదలకూడదు. పొలం మందులు, ఇంట్లోని మాత్రలు తాళం వేసి ఉంచాలి. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయాలి.

ఎవరిని సంప్రదించాలి?

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవలు 14416 నంబరులో రాత్రింబవళ్లు, ఉచితంగా, తెలుగులోనే లభిస్తాయి. తొలుత శిక్షణ పొందిన సలహాదారు మాట్లాడతారు. అవసరాన్ని బట్టి నిపుణులకు అప్పగిస్తారు. పిల్లలే మాట్లాడాలన్న నియమం లేదు. ఏం చేయాలో తోచని తల్లిదండ్రులు కూడా ఫోన్ చేయవచ్చు. 18 ఏళ్లలోపు వారికి వేధింపులు, ఇతర ఆపదలు ఎదురైతే 1098, మత్తు అలవాటు మాన్పించేందుకు 14446 ఉన్నాయి.

విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నాటిది. ఆంధ్ర వైద్య కళాశాలకు అనుబంధ బోధనాసుపత్రి కూడా. ఉత్తరాంధ్రతోపాటు ఒడిశా నుంచీ ఇక్కడికి రోగులు వస్తారు. 'పిచ్చాసుపత్రి' అన్న పాత పేరు జనం నోట ఇంకా పోలేదు. ఆ పేరుకు వెరచి నెలల తరబడి ఆలస్యం చేసే కుటుంబాలెన్నో. నిజానికి ఓపీ చీటీ రాయించుకుని, వైద్యుడితో మాట్లాడి, ఆ రోజే ఇంటికి తిరిగి వెళ్లేవారే ఎక్కువ. 10 నుంచి 19 ఏళ్ల వారి కోసం 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ప్రత్యేక క్లినిక్‌లను ఉద్దేశించారు. తమ ఆసుపత్రిలో అది ఏ రోజు ఉంటుందో అడిగి తెలుసుకోవచ్చు. పాడేరు నుంచి విశాఖ రావాలంటే ఘాట్ రోడ్డులో వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. ఫోన్ సిగ్నల్ సరిగా అందని గూడేల వారు ఆశా కార్యకర్తకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో ముందుగా చెప్పడం సులువు.

పోలీసు కేసవుతుందన్న భయం మరో అడ్డంకి. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలి, శిక్షించరాదు. వారికి సంరక్షణ, చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని కూడా అదే చట్టం చెబుతోంది.

చేర్చే ముందు అడగండి

వేసవి అంటే ప్రవేశాల కాలం కూడా. 2023 జులైలో విశాఖలో నీట్ శిక్షణ పొందుతున్న ఓ విద్యార్థిని మృతిపై దాఖలైన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అదే తీర్పులో దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. చట్టం వచ్చేవరకు వీటిని పాటించి తీరాలి. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థ అర్హత గల సలహాదారును కనీసం ఒకరిని నియమించుకోవాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయడం, పదిమందిలో అవమానించడం కుదరదు. టెలీ మానస్ తదితర నంబర్లను తరగతి గదుల్లో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. సిబ్బందికి ఏడాదిలో కనీసం రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి.

ఫీజు, ర్యాంకుల గురించి అడిగే తల్లిదండ్రులు వీటి గురించీ అడగవచ్చు. సలహాదారు గది ఎక్కడ, వారంలో ఎన్ని రోజులు ఉంటారు, పిల్లలు వార్డెన్ అనుమతి లేకుండా వెళ్లి కలవవచ్చా అన్నవి తెలుసుకోవాలి. ర్యాంకులు వచ్చినవారి ఫొటోలు ముద్రించిన కరపత్రంలో ఇవేవీ ఉండవు. హాస్టల్ గోడపై 14416 కనిపిస్తుందో లేదో స్వయంగా చూసి రావాలి. అమలును పర్యవేక్షించేందుకు కలెక్టర్ అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ ఉండాలని కూడా న్యాయస్థానం ఆదేశించింది కనుక, ఇవి లేవని గమనించినవారు కలెక్టరేట్‌లో లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవచ్చు.