నాలుగు ముఖాల ఇల్లు

కలకత్తా. చలికాలం రాత్రి. ఇంట్లో పనికుర్రాడు చలికి ఆగలేకపోయాడు. లేచాడు. వంటగదిలోకి దూరాడు. పొయ్యిలో బొగ్గులు ఇంకా వెచ్చగా ఉన్నాయి. తలుపేసి గడియ పెట్టాడు. తెల్లారింది. పిలిచారు. పలకలేదు. తలుపు బాదారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. చివరికి తలుపు బద్దలుకొట్టారు.

పిల్లాడు చనిపోయి ఉన్నాడు. చంపింది ఎవరు?

గది. పొగ బయటికి పోయే దారి లేని ఆ వంటగది. ఇది మృణాల్ సేన్ 1982లో తీసిన 'ఖారిజ్' కథ. ఇందులో కత్తులు లేవు, విలన్ లేడు. ఇల్లు నమ్మించకపోతే సినిమాయే లేదు. ఆ ఇంటిని నమ్మించిన ఆర్ట్ డైరెక్టర్ నితీశ్ రాయ్. జాతీయ అవార్డు వెతుక్కుంటూ వచ్చింది. ఆ వెంటనే ఇంకో ఇల్లు కబురు పెట్టింది. ఈసారి మన తెలంగాణ నుంచి.

భువనగిరి. ఊరి మీదికి ఒరిగినట్టుండే ఏకశిలా గుట్ట. శ్యామ్ బెనెగల్ 'మండీ' తీస్తున్నది అక్కడే. షబానా ఆజ్మీ, స్మితా పాటిల్. కథలో ఊరి నడిబొడ్డున ఓ వేశ్యాగృహం. పెద్దమనుషుల కన్ను ఆ స్థలం మీద పడుతుంది. ఆడవాళ్లను మూటాముల్లెతో సహా ఊరి బయటికి, బీడు భూమిలోకి తరిమేస్తారు. తీరా చూస్తే జనం అక్కడికే బారులు తీరతారు. 1983లో వచ్చిన ఈ సినిమాతో నితీశ్ రాయ్‌కి రెండో జాతీయ అవార్డు. గుల్జార్ 'లేకిన్' మూడోది తెచ్చిపెట్టింది. అది 1990 మాట. బీడులో ఇల్లు వేస్తే జనం కదిలి రావడం అప్పటిదాకా ఆయనకు తెరమీది కథే. ఆ తర్వాత ఒక పత్రికాధిపతి నుంచి పిలుపొచ్చింది.

ఆ పిలిచినాయన రామోజీరావు. 1974లో విశాఖలో 'ఈనాడు' మొదలుపెట్టిన మనిషి. ఉషాకిరణ్ మూవీస్ పెట్టి సినిమాలు తీస్తున్న మనిషి. నిర్మాత కష్టం ఆయన సొంత కష్టం. ఒక పాటకి తోట కావాలి, ఒక సీనుకి రైల్వేస్టేషన్ కావాలి, ఇంకో సీనుకి విమానాశ్రయం కావాలి, ప్రతిదానికీ ఎవరో ఒకరి పర్మిషన్ కావాలి, అది చేతికొచ్చేసరికి హీరో కాల్షీట్లు అయిపోతాయి, హీరో ఉన్నాడనుకుంటే వాన పడుతుంది, వాన ఆగిందనుకుంటే జనం మూగి కెమెరాకి అడ్డం నిలబడతారు. వీటన్నిటికీ ఒకటే మందు. కథ పట్టుకుని గేటులోకి వస్తే, పూర్తయిన సినిమాతో బయటికి వెళ్లాలి. మాట బాగుంది. దాన్ని దించేది ఎక్కడ?

విజయవాడ రోడ్డు మీద, హయత్‌నగర్ దాటాక, అనాజ్‌పూర్ దగ్గర. ఆ వైపు నేల ఎరిగినవాళ్లకి ఆ చోటు గురించి చెప్పక్కర్లేదు. గుట్టలు. గుండ్లు. ముళ్లపొదలు. ఎండాకాలం మధ్యాహ్నం బండ మీద కాలు పెడితే చుర్రుమంటుంది. ఎవరైనా ముందు బుల్‌డోజర్ తెప్పిస్తారు. నితీశ్ రాయ్ ఆలోచన దానికి అడ్డంగా నడిచింది. చెట్టు కొట్టకూడదు. గుట్ట పగలకూడదు. ఊరే వాటి మధ్య సర్దుకోవాలి.

అసలు చిక్కు అది కాదు.

సెట్ అంటే కూల్చడానికి కట్టేది. ప్లైవుడ్డు, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, రంగు. కెమెరా చూసే వైపే గోడ. వెనక వెదురు బొంగులు. షూటింగ్ అయిన మర్నాడు కూలీలు వచ్చి ఊడదీస్తారు. ఇక్కడ కట్టేది అలా కాదు. ఎండకి ఎండాలి, వానకి తడవాలి, ఏళ్ల తరబడి నిలబడాలి. అయినా ఏ సినిమాలోనూ ముందు చూసిన మొహంలా కనబడకూడదు. నిలబడాలి, మారాలి. రెండూ ఒకే గోడకి ఎలా కుదురుతాయి?

ఒకే కట్టడానికి నాలుగు మొహాలు. ఇటు నుంచి చూస్తే విమానాశ్రయం. పక్కకి తిరిగితే ఆసుపత్రి. ఇంకో పక్క చర్చి. రైల్వేస్టేషన్‌లో బోర్డు మారిస్తే ఊరు మారిపోతుంది. గుడి ఉంది, గర్భగుడిలో విగ్రహం లేదు. కథకి రాముడు కావాలంటే రాముడు, అమ్మవారు కావాలంటే అమ్మవారు. జైలుంది. లండన్ వీధి ఉంది. మొఘల్ తోట ఉంది. గుట్ట మీద హవా మహల్ ఉంది. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ గేట్లు తెరిచారు. ఇక వచ్చేవాళ్లు రావాలి. వస్తారా?

1997లో 'మా నాన్నకు పెళ్లి' వచ్చింది. మొత్తంగా ఆ గేటు లోపలే తీసిన మొదటి సినిమా అదే. ఆ తర్వాత తెలుగు ఒక్కటే కాదు, హిందీ, తమిళం, కన్నడం అన్నీ దారి పట్టాయి. 1,666 ఎకరాలు, 47 షూటింగ్ ఫ్లోర్లు. ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో అని గిన్నిస్ వాళ్లు రాసుకున్నారు. 'మండీ'లో జరిగిందే ఇక్కడా జరిగింది. బీడులోకి జనం నడిచారు. సినిమా వాళ్ల వెనకే టికెట్ కొన్న కుటుంబాలు, స్కూలు పిల్లలు, కొత్త జంటలు.

2024 జూన్ 8న రామోజీరావు కన్నుమూశారు. మర్నాడు అంత్యక్రియలు ఫిల్మ్ సిటీలోనే. ఆ చోటు ఆయన బతికుండగానే ఎంచుకుని సిద్ధం చేయించుకున్నది. మొహం మార్చుకునే కట్టడాల మధ్య, మార్చే పని లేని కట్టడం అదొక్కటే.

మరి నితీశ్ రాయ్? మూడు జాతీయ అవార్డులూ మూడు సినిమాలకి వచ్చాయి. అన్నిటికన్నా పెద్ద పని సినిమా కాదు. దానికి టైటిల్స్ పడవు. ఆయన దారులు వేసిన నేల మీదే తర్వాత ఆర్ట్ డైరెక్టర్ సాబు సిరిల్ 'బాహుబలి' కోసం మాహిష్మతిని లేపారు. ఇవాళ బస్సెక్కిన టూరిస్టు విమానాశ్రయాన్ని చూస్తాడు, మలుపు తిరగ్గానే అదే కట్టడాన్ని ఆసుపత్రి అనుకుంటాడు, ఫొటో దిగుతాడు. అది ఎవరు గీసిందని అడగడు. గైడుని అడిగేది ఒకటే.

"బాహుబలి సెట్టు ఎటు?"